కొన్న పాత కారు బాగుచేయించాలా, అమ్మేయాలా? – ఒక కామర్స్ పాఠం



ప్లస్ టూ, బి.కాం. చదివే మన పిల్లలకు పనికివచ్చే పాఠం ఒకటి రాయమని ట్రస్టువారు అడిగారు. హోసూరులో ఇరవై ఆరేళ్ళుగా కామర్స్ చెబుతున్నాను. ప్రతి ఏడూ 'సంక్ కాస్ట్' దగ్గరికి రాగానే పిల్లలు ఒక్క వాక్యం బట్టీపట్టి రెండు మార్కులు తెచ్చుకుంటారు. సంక్ కాస్ట్ అంటే ఇప్పటికే పెట్టేసిన, ఏం చేసినా తిరిగిరాని ఖర్చు. పరీక్షలో ఇది సులభమే. అదే లెక్క ఇంట్లో ఎదురైతే చదివినవాళ్ళు, చదవనివాళ్ళు ఒకేలా తడబడతారు. పోయిన ఏడాది మా అక్కగారింట్లో నడిచిన కారు వ్యవహారం దీనికి మంచి ఉదాహరణ. అక్క, మేనల్లుడు ఇద్దరూ సరేనన్న తరువాతే రాస్తున్నాను.

అక్కావాళ్ళ ఊరు హోసూరుకు 18 కిలోమీటర్లు. బావగారికి పక్షవాతం వచ్చి కుడికాలు, కుడిచెయ్యి పట్టుతప్పాయి. వారానికి మూడుసార్లు టౌనుకు ఫిజియోథెరపీకి తీసుకురావాలి. బస్సు ఎక్కలేరు. ఆటోకు రానూపోనూ 600 రూపాయలు. మేనల్లుడు సిప్‌కాట్‌లో ఒక కంపెనీలో పని చేస్తాడు, షిఫ్టు చూసుకుని తనే నడపవచ్చునని పదేళ్ళనాటి చిన్న పెట్రోలు కారు ఒకటి 1,40,000కు కొన్నాడు. అమ్మినవారు హోసూరులోనే ఉండే ఒక వ్యక్తి, డీలరు కాదు. కారులో ఒక ట్రిప్పుకు పెట్రోలు 250 దాకా అవుతుంది. అంటే ట్రిప్పుకు 350 మిగులు, నెలకు పదమూడు ట్రిప్పులనుకుంటే 4,550. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

మూడో వారంలో బాగలూరు రోడ్డులో వేడిముల్లు ఎర్రగీత దాటింది, పొగగొట్టం నుంచి తెల్లటి పొగ వచ్చింది. వాడు వెంటనే ఇంజను ఆపి, బండిని లాగించి తెచ్చాడు. మెకానిక్కు ఆయిలు కర్ర తీసి చూపిస్తే ఆయిలు పాలు కలిపిన కాఫీలా ఉంది. హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఇంజను బ్లాకుకు, పైనుండే సిలిండర్ హెడ్డుకు నడుమ ఉండే పలుచని పలక అది. అది చెడితే చల్లబరిచే నీళ్ళు ఆయిల్లోకీ, సిలిండర్లలోకీ దిగుతాయి. తెల్లపొగ ఆ నీళ్ళదే. (నీలిపొగ అయితే ఆయిలు కాలుతున్నట్టు, నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు. పాత బండి కొనబోయేవారు చల్లటి ఇంజను మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు వెనక నిలబడి చూస్తే మంచిది.) దారిన పోయేవాళ్ళు 'నీళ్ళు పోసుకుంటూ నడుపు, ఏం కాదు' అని సలహా ఇస్తారు. వినకండి. అలా నడిపితే వేడికి హెడ్డు వంకరపోతుంది, పగులుతుంది, ఖర్చు రెండింతలవుతుంది.

మెకానిక్కు రెండు అంకెలు చెప్పాడు. హెడ్డు కొంచెం వంగి ఉంటే లేత్ షాపులో ఫేసింగ్ చేయించి, గ్యాస్కెట్, వాటర్ పంపు, టైమింగ్ బెల్టు మార్చడానికి మొత్తం 32,000. హెడ్డు పగిలి, లోపలి భాగాలు కూడా దెబ్బతిని ఉంటే 75,000. ఏదనేది విప్పితేగానీ తెలియదు.

ఆ రాత్రి అక్కావాళ్ళింట్లో వాదన. అక్క అంది: "లక్షా నలభై వేలు పోసినాం కదరా, ఇప్పుడు ముప్పైకి వెనక్కి పోతే ఎట్ల?" మేనల్లుడేమో, "ఆ బండి మొహం చూడలేను మామా, ఎంతొస్తే అంతకి ఇచ్చేస్తా" అన్నాడు. బావగారు మాత్రం, "నేను ఆటోలోనే పోతాలే" అన్నారు. నా దృష్టిలో అందరికంటే బరువైన మాట అదే, కానీ దానికి కూడా లెక్క కట్టాలి.

తల్లీకొడుకులు ఎదురెదురుగా వాదిస్తున్నా ఇద్దరూ చూస్తున్నది ఆ 1,40,000 వైపే. ఒకరికి అది వృథా కాకూడదు, ఇంకొకరికి అది గుర్తుకే రాకూడదు. ఇది మన ఊరి బలహీనత మాత్రమే కాదు. అమెరికాలో హాల్ ఆర్క్స్, క్యాథరిన్ బ్లూమర్ అనే ఇద్దరు 1985లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒక విశ్వవిద్యాలయ నాటకశాలలో సీజను టిక్కెట్లు కొన్నవారిలో కొందరికి పూర్తి ధర 15 డాలర్లకు, కొందరికి 13కు, కొందరికి 8కి ఇచ్చారు. ఎవరికి ఏ ధర అన్నది ముందుగా అనుకున్నది కాదు. నాటకాలు అవే, కుర్చీలు అవే. అయినా సీజను మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవారే ఎక్కువ నాటకాలకు వచ్చారు. పోయిన డబ్బు జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టిందన్నమాట.

కాబట్టి మొదట నేను కాగితం మీద 1,40,000 రాసి, కొట్టేశాను. ఇక లెక్క ఈ రోజు నుంచి మొదలు. మూడు అంకెలు కావాలి: ఉన్నది ఉన్నట్టు అమ్మితే ఎంత, బాగుచేయించాక దాని విలువ ఎంత, బాగుచేయడానికి ఎంత. ఇద్దరు డీలర్లను అడిగితే ఉన్నదున్నట్టుగా 70,000 దగ్గర తేలింది. అలాంటి మంచి బండి బయట కొనాలంటే 1,30,000.

ఇక్కడ ఒక చిక్కుంది, పాఠంలో అసలు రుచి దీనిలోనే. బాగుచేయించాక అమ్మితే 1,30,000 వస్తుందా? రాదు. కొని నెలరోజులు కాకముందే అమ్ముతుంటే వచ్చేవారు మొదట అడిగేది, "ఇంత తొందరగా ఎందుకు ఇచ్చేస్తున్నారు?" అని. బిల్లు చూపించినా సగమే నమ్ముతారు. పైగా ఆర్.సి.లో యజమానుల వరుస ఒకటి పెరుగుతుంది. డీలర్లు చెప్పిన అంకె 1,10,000.

జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో సరిగ్గా ఈ పాత కార్ల బజారు మీదే ఒక వ్యాసం రాశాడు. అమెరికాలో చెడ్డ కారును 'నిమ్మకాయ' అంటారు. (మనం కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం, వాళ్ళు బండినే నిమ్మకాయ అంటారు!) బండి లోగుట్టు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు మంచిచెడులు కలిపి నడిమి ధరే చెబుతాడు. ఆ ధర గిట్టక మంచి బండి ఉన్నవాళ్ళు బజారుకు తేవడం మానేస్తారు, చెడ్డవే మిగులుతాయి, ధర ఇంకా దిగుతుంది. ఈ వ్యాసాన్ని మూడు పత్రికలు తిప్పిపంపాక నాలుగోది వేసుకుంది. 2001లో అకర్లాఫ్‌కు, మైఖేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లతో కలిపి, అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. తిప్పిపంపిన రచనలున్న విద్యార్థులు ఇది గమనించగలరు.

మన లెక్కకు దీని వల్ల వచ్చే ఫలితం ఇది. బాగుచేసిన బండి అక్కావాళ్ళకు 1,30,000 విలువైనది, ఎందుకంటే లోపల ఏం మార్చారో వాళ్ళకు తెలుసు. బయటివాడికి అది 1,10,000 సరుకే. బాగుచేయించి ఉంచుకుంటే, తక్కువ ఖర్చులో మిగిలేది 98,000, ఎక్కువ ఖర్చులో 55,000. బాగుచేయించి అమ్మితే 78,000 లేదా 35,000. ఏమీ చేయకుండా అమ్మితే 70,000. 'బాగుచేసి అమ్మేద్దాం' అనేది వినడానికి తెలివైన మాటే, కానీ మంచి జరిగితే 8,000 లాభం, చెడు జరిగితే 35,000 నష్టం. దాన్ని పక్కన పెట్టేశాం. మిగిలింది ఉంచుకోవడమా, ఇప్పుడే వదిలించుకోవడమా అన్నది.

ముందుగా 600 ఇచ్చి కంప్రెషన్ టెస్టు చేయించాం. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో మాత్రమే ఒత్తిడి తక్కువ, మిగతావి బాగున్నాయి. గ్యాస్కెట్ ఆ రెంటి మధ్య తెగిందనడానికి అది గుర్తు. ఇలాంటివి పది వస్తే ఏడింటికి ఫేసింగుతో సరిపోతుందని మెకానిక్కు తన అనుభవం చెప్పాడు. విప్పడానికి కూలి 4,500, బాగుచేయిస్తే అది బిల్లులోనే కలుస్తుంది. కానీ విప్పిన ఇంజనుకు డీలరు 70,000 ఇవ్వడు, 62,000కు దిగుతాడు. అంటే హెడ్డు పగిలి ఉంటే, ఆగిపోయి అమ్మినా చేతికి మిగిలేది 57,500. ఏడు పాళ్ళు 98,000, మూడు పాళ్ళు 57,500 కలిపి సగటు చూస్తే 85,850. విప్పకుండా అమ్మితే వచ్చే 70,000 కంటే ఇది ఎక్కువ. విప్పమన్నాం.

విప్పే ముందే ఒక హద్దు రాసి పెట్టుకున్నాం. విప్పాక బండి ధర 62,000, బాగైతే 1,30,000, తేడా 68,000. అక్కడినుంచి ఇంకా పెట్టవలసింది 68,000 దాటితే అమ్మేయాలి. హద్దు ముందుగా రాయకపోతే షెడ్డులో నిలబడి 'ఇంత చేశాం, ఇంకో ఐదువేలు' అంటూ పోతాం. మెకానిక్కు ఎంత మంచివాడైనా, మనల్ని ఆపడం అతని పని కాదు.

ఇంతవరకూ లాభనష్టాల లెక్క. చేతిలో డబ్బు లెక్క వేరు. బ్యాంకులో ఉన్నది 61,000. మేనకోడలు బి.ఎస్సి. నర్సింగ్ రెండో ఏడాది ఫీజు 45,000 నెలాఖరులోగా కట్టాలి. ఫీజు కొంచెం ఆపి కారు చేయిద్దామన్న ప్రస్తావన వచ్చింది, ఆ అమ్మాయే తెచ్చింది. నేను ఒప్పుకోలేదు. కారు ఆగితే నెలకు 4,550 నష్టం, అంతే. ఫీజు ఆగితే పరీక్ష ఆగుతుంది. ఆ మరుసటి రోజే ఫీజు కట్టించాను.

మిగిలిన 16,000తో హెడ్డు విప్పించాం. లేత్ షాపులో ఒత్తిడి పరీక్ష చేస్తే పగులు లేదు, వంకర మాత్రమే. ఇక బాకీకి దారి చూడాలి. మూడు నెలలు ఆగి జీతంలో మిగిల్చి చేయిద్దామని మేనల్లుడు, గాజులు బ్యాంకులో పెడదామని నేను. అక్కకు అది నచ్చలేదు, ఊర్లో తెలిస్తే మర్యాద పోతుందని. 25,000కు బ్యాంకు బంగారు రుణం వడ్డీ నెలకు 225లోపే. కారు ఊరకే నిలబడితే పోయేది నెలకు 4,550. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపించాక అక్క లేచి బీరువా తెరిచింది. (ఎవరికైనా బండిని ఇలా కొన్నాళ్ళు నిలబెట్టక తప్పకపోతే నీళ్ళు కలిసిన ఆయిలును ముందు తీయించేయండి, లేదంటే లోపల తుప్పు పడుతుంది.) మొత్తం బిల్లు 33,700. ఏ.సి. పనిచేయదు, వెనక తలుపు అద్దం సగమే దిగుతుంది. అవి చేయించలేదు, చేయించనవసరం లేదు. ఆటో మిగులుతో ఏడో నెలకు గాజులు ఇంటికి వచ్చాయి.

అమ్మినవారి మీద చర్య తీసుకోలేమా అని చాలామంది అడిగారు. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షనులో ఒక గుర్రం ఉదాహరణ ఉంది, బి.కాం. పిల్లలు చదివే ఉంటారు. గుర్రానికి జబ్బుందని తెలిసీ అమ్మేవాడు నోరు మెదపకపోతే అది మోసం కాదు. కొనేవాడు 'కాదనకపోతే ఆరోగ్యంగా ఉన్నట్టే అనుకుంటాను' అని చెప్పినా కూడా మౌనంగా ఉంటే, ఆ మౌనం మాటతో సమానం. మా వాడి బేరంలో అవతలివారు అన్నదల్లా, "నడిపి చూసుకోండి" అని. రాతలో ఏమీ లేదు. పైగా సొంత బండి అమ్ముకునే వ్యక్తి వ్యాపారి కాదు కనుక వినియోగదారుల చట్టం కిందికి రాడు. డీలరు దగ్గర కొంటే ఆ దారి ఉంటుంది. ఎవరి దగ్గర కొన్నా 'ఇంజను ఎప్పుడైనా వేడెక్కిందా, హెడ్డు విప్పారా' అని ఫోనులో మెసేజి పెట్టి జవాబు దాచుకోండి. బీమా కూడా ఇలాంటి యంత్రలోపాలకు మామూలుగా వర్తించదు.

'ఎలాగూ అమ్మేస్తాం కదా' అని పేరు మార్పించకుండా ఉంచుకోవడం ఇంకో అలవాటు. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్.టి.ఓ.కు తెలపాలి, 29, 30 నంబర్ల ఫారాలు. ప్రమాదం జరిగితే రిజిస్టరులో పేరున్నవారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి అమ్మేవారికీ ఇది ముఖ్యమే. బీమా పేరు మార్పుకు కొన్నవారు 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనసు మనకు రాదు, అది మనిషిది, బండిది కాదు.

అభ్యాసం

1. హోసూరు వ్యక్తి బెంగళూరులో కె.ఏ. నంబరు కారు 1,20,000కు కొన్నాడు. నో అబ్జెక్షన్ సర్టిఫికెట్టు ఇంకా రాలేదు, తమిళనాడు పన్ను ఇంకా కట్టలేదు. ఇంజను లోపం బయటపడింది. ఈ మూడింటిలో ఏది తిరిగిరాని ఖర్చు, ఏది కాదు? ఎక్కడ అమ్మితే మేలు?

2. పాత స్కూటరు 28,000కు కొన్నారు. ఉన్నదున్నట్టు అమ్మితే 15,000. మరమ్మతు 9,000. బాగైతే ఉంచుకునేవారికి విలువ 26,000, అమ్మితే 23,000. నడిపే అబ్బాయికి రెండు నెలల్లో చెన్నైలో ఉద్యోగం. ఏం చేయాలి? అబ్బాయి ఊర్లోనే ఉంటే జవాబు మారుతుందా?

జవాబులు తెలుగులో, తమిళంలో, కన్నడంలో దేనిలో రాసినా సరే, లెక్క కట్టిన విధానం చూపిస్తూ తరువాతి సంచికలోగా ట్రస్టు కార్యాలయానికి పంపగలరు.