అరువు తెచ్చుకున్న కోడ్

చిరంజీవి నానీకి,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాక, అప్పటికప్పుడు ఏదో ఒకటి అనేయడం కంటే కుదురుగా కూర్చుని రాయడమే మంచిదనిపించింది. స్క్రీన్ మీద తేదీలు పొందికగా కనపడడానికి నువ్వొక చిన్న ప్యాకేజీ చేర్చావు. రివ్యూలో మీ లీడ్ దాన్ని ఆపేసి, ఇది ఎవరు రాశారు, వెంట ఇంకేం లాక్కొస్తుంది, అసలు ఎందుకు కావాలి అని అడిగాడు. ఒక్క లైనుతో పోయేదానికి ఇంత రాద్ధాంతమా అని నీ బాధ. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదిలోనే అలా అడిగే మనిషి కింద పనిచేయడం నీ అదృష్టంరా. ఎందుకంటున్నానో చెబుతాను.

ముందు ఆ మూడో ప్రశ్న సంగతి తేల్చేద్దాం. తేదీలు చూపించే పని ఇప్పుడు బ్రౌజరే చేస్తుంది. జావాస్క్రిప్ట్‌లో Intl అనే భాగం ఉంది. దానికి తెలుగు అని చెబితే నెలల పేర్లు, వారాల పేర్లు తెలుగులోనే ఇస్తుంది. యూనికోడ్ వాళ్లు భాషలవారీగా పోగుచేసిన సమాచారం దాని వెనక ఉంది. అంటే నువ్వు బయట వెతికింది నీ చేతిలోనే ఉంది. కొత్త ప్యాకేజీ కోసం వెతికే ముందు భాషలోనే, బ్రౌజర్లోనే ఆ సదుపాయం ఉందేమో చూడడం అలవాటు చేసుకో.

మిగతా రెండు ప్రశ్నలు ఇంత తేలిగ్గా తెగవు. మీ ప్రాజెక్టులో మీరు కోరి చేర్చుకున్నవి పాతిక ఉంటే, అవి తమ వెంట తెచ్చుకున్నవి వందల్లో ఉంటాయి. మీ టీమ్ రాసినదానికంటే మీకు ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసిందే ఎక్కువ. వాడేవాళ్లకు మాత్రం అదంతా మీ సాఫ్ట్‌వేరే. ఏ ముక్కలో తేడా వచ్చినా అడిగేది మిమ్మల్నే. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని దాని రచయిత ఒక పేరు తగాదాలో కోపం వచ్చి జావాస్క్రిప్ట్ ప్యాకేజీల నిల్వ ఎన్‌పీఎం నుంచి తీసేస్తే, ప్రపంచం నలుమూలలా బిల్డులు ఆగిపోయాయి. అక్షరాలకు ఎడమవైపు ఖాళీలు చేర్చడమే అది చేసే పని.

అయితే నువ్వు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఎక్స్‌జెడ్ కథ. ఫైళ్లను కుదించే ఆ సాధనం దాదాపు ప్రతి లినక్స్ మెషీన్లోనూ ఉంటుంది. లాసె కొలిన్ అనే ఆయన దాన్ని ఏళ్ల తరబడి ఇంచుమించు ఒంటిచేత్తో, పైసా జీతం లేకుండా చూసుకున్నాడు. 2021లో జియా టాన్ అనే పేరుతో ఎవరో ప్యాచ్‌లు పంపడం మొదలుపెట్టారు. మర్యాదగా ఉండేవి, పనికొచ్చేవి. మరుసటేడు, అంతకుముందు ఎవరూ వినని పేర్లతో కొందరు వచ్చి, పని నత్తనడకన సాగుతోందని, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించమని కొలిన్‌ను సతాయించారు. చాలాకాలంగా తన మానసిక ఆరోగ్యం బాగుండడం లేదని, ఇది జీతం లేకుండా ఇష్టంకొద్దీ చేస్తున్న పని అని ఆయన వాళ్లకు జవాబిచ్చుకున్నాడు. ఆ జవాబు చదివిన ప్రతిసారీ నాకు కడుపు తరుక్కుపోతుంది. తన పనిని ఉచితంగా వాడుకుంటున్న లోకానికి ఒక మనిషి తన అనారోగ్యాన్ని సంజాయిషీగా చెప్పుకోవాల్సి వచ్చింది.

చివరికి రిలీజులు చేసే అధికారం జియా టాన్ చేతికి వచ్చింది. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి పెట్టారు. మామూలుగా కోడ్ చదివేవాళ్లకు అది కనపడదు. టెస్టుల కోసమని పెట్టిన బైనరీ ఫైళ్లలో దాచి, దాన్ని బయటికి తీసే స్క్రిప్టును గిట్‌లో కాకుండా రిలీజ్ ఆర్కైవులో మాత్రమే ఉంచారు. గురి పెట్టింది ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌కు. ఇక్కడే మీ లీడ్ రెండో ప్రశ్న గుర్తు చేసుకో. ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ నిజానికి ఎక్స్‌జెడ్‌ను వాడదు. కొన్ని లినక్స్ పంపిణీలు సిస్టమ్‌డీతో కలపడానికి చేసుకున్న మార్పు వల్ల, సిస్టమ్‌డీ లైబ్రరీ వెంట ఇదీ లోపలికి వచ్చింది.

పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రోయిండ్. పోస్ట్‌గ్రెస్ మీద పనిచేసే ఇంజనీరు, ఉద్యోగం మైక్రోసాఫ్ట్‌లో. తన టెస్ట్ మెషీన్లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు ఉండాల్సినదానికంటే అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. మనలో చాలామందిమి నెట్ స్లోగా ఉందనుకుని వదిలేస్తాం. అతను వదల్లేదు, తవ్వుకుంటూ పోయాడు. మార్చి 29న బయటపెట్టాడు. ఆ వెర్షన్లు పెద్ద పంపిణీల స్థిరమైన విడుదలల్లోకి ఇంకా వెళ్లకముందే దొరకడంతో లోకం గట్టెక్కింది.

ఈ కథలో ఫ్రోయిండ్ ఓపికను అందరూ మెచ్చుకుంటారు, మెచ్చుకోవాల్సిందే. నువ్వు మాత్రం కొలిన్ ఒంటరితనాన్ని కూడా గుర్తుంచుకో. దాడికి దారి దొరికింది ఆ అలసటలోంచే. 2014లో ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు కూడా ఇంతే. ఇంటర్నెట్‌లో చాలా భాగానికి తాళం వేసిన ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్‌కు ఏడాదికి వచ్చే విరాళాలు 2,000 డాలర్ల దరిదాపులేనని అప్పుడు గానీ జనానికి తెలియలేదు. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫర్‌జే లోపం బయటపడిన కొన్ని వారాలకు ఒక పెద్ద కంపెనీ, కర్ల్ రాసిన డేనియల్ స్టెన్‌బర్గ్‌కు ఫలానా ప్రశ్నలకు గడువులోగా జవాబు ఇవ్వమని ఈమెయిల్ పంపింది. ఆయనతో ఆ కంపెనీకి కాంట్రాక్టూ లేదు, కర్ల్‌లో లాగ్‌ఫర్‌జే ఛాయలూ లేవు. ఒకటి సీలో రాసింది, ఇంకొకటి జావా లైబ్రరీ. తాము ఏం వాడుతున్నామో, ఎవరిది వాడుతున్నామో తెలియకపోతే ఇలాంటి ఉత్తరాలే రాస్తాం.

లాగ్‌ఫర్‌జే సంగతి తెలిసిన ఆ డిసెంబర్ శుక్రవారం నాకు బాగా గుర్తు. ఎక్కడెక్కడ ఏ వెర్షన్ ఉందో జాబితా ఉన్న టీములు వెంటనే పనిలో దిగాయి. లేనివాళ్లు ఏ జార్‌లో ఏ జార్ దాక్కుందో వెతుక్కుంటూ వారాలు గడిపారు. 2024లో మన దేశ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ కూడా సాఫ్ట్‌వేర్‌లోని భాగాల జాబితా ఎలా తయారుచేయాలో మార్గదర్శకాలు ఇచ్చింది. మీ బిల్డులో అలాంటి జాబితా వస్తోందో లేదో కనుక్కో. రాకపోతే ఆ పని నేను చేస్తానని నువ్వే చెయ్యెత్తు. కొత్తగా చేరినవాళ్లకు మొత్తం సిస్టమ్ అర్థం కావడానికి ఇంతకంటే మంచి పని నాకు తెలియదు.

వెర్షన్ల విషయం ఒకటి. 2025 సెప్టెంబర్ 8న చాక్, డీబగ్ లాంటి బాగా వాడుకలో ఉన్న ఎన్‌పీఎం ప్యాకేజీల్లోకి విషం చేరింది. వాటిని చూసుకునే ఆయన్ని ఒక దొంగ ఈమెయిల్ నమ్మించింది, అంతే. కొన్ని గంటల్లోనే తీసేశారు. అందుకని లాక్‌ఫైల్‌ను గిట్‌లో పెట్టండి, బిల్డ్ సర్వర్లో దాని ప్రకారమే ఇన్‌స్టాల్ అయ్యేలా చూసుకోండి, వచ్చిన రోజే కొత్త వెర్షన్‌కు ఎగబడకుండా కొన్ని రోజులు ఆగండి. భద్రతా లోపాన్ని సరిచేసే వెర్షన్‌కు మాత్రం ఈ ఆగడం వర్తించదు. ఏది ఆగాలో, ఏది పరుగెత్తించాలో తేల్చుకోవాలంటే మార్పుల చిట్టా చదవక తప్పదు.

ఇక ఏఐ. వాడొద్దని చెప్పను, నేనూ వాడుతున్నాను. అయితే నువ్వు ఆ ప్యాకేజీ పేరు కూడా దాన్ని అడిగే తెలుసుకున్నానన్నావు, అక్కడే నాకు భయం వేసింది. అది లేని ప్యాకేజీల పేర్లు కూడా ఉన్నట్టే చెబుతుంది. ఒక పరిశోధకుడు, ఏఐలు పదేపదే చెబుతున్న అలాంటి ఒక పేరుతో పైథాన్ ప్యాకేజీల నిల్వలో ఖాళీ ప్యాకేజీ పెట్టి చూశాడు. మూడు నెలల్లో 30,000 పైచిలుకు సార్లు జనం దింపుకున్నారు. అతను మంచివాడు కాబట్టి ఖాళీది పెట్టాడు. ఏఐ ఇచ్చిన కోడ్ అయినా, ఎన్‌పీఎం నుంచి వచ్చిన కోడ్ అయినా, నీ పేరు మీద కమిట్ అయిందంటే అది నీదే. పుల్ రిక్వెస్టు పంపే ముందు ప్రతి లైను ఏం చేస్తుందో ఎదుటివాళ్లకు నోటితో వివరించగలవా అని చూసుకో. తడబడిన చోట ఇంకా చదవాలి.

ఇంకొకరి కోడ్ ఊరికే వచ్చింది కదా అని చులకన చేయకు. కంప్యూటర్లో తెలుగు ముక్కలు ముక్కలుగా కనపడే రోజుల్లో తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. మా తరం వాటితోనే తెలుగు రాసుకుంది. నువ్వు వాడే ప్రతి ప్యాకేజీ వెనకా అలాంటి మనిషి ఒకరుంటారు. బగ్ కనపడితే ఏ వెర్షన్లో, ఏం చేస్తే వచ్చిందో వివరంగా రాసి పంపు. ఏఐ అల్లిన రిపోర్టును చదవకుండా వాళ్ల మీద పడేయకు, వాటితో వాళ్లు ఇప్పటికే విసిగిపోయి ఉన్నారు. ఇంకా సరిచేయలేదేమని దబాయించకు. మీ కంపెనీ ఇలాంటి ప్రాజెక్టులకు డబ్బు ఇస్తుందేమో కనుక్కో. ఇవ్వకపోతే ఎందుకివ్వదని మీటింగులో మర్యాదగా అడుగు. జీతాలు తీసుకునే మనం అడగకపోతే వాళ్ల తరఫున అడిగేవాళ్లెవరూ లేరు.

దసరాకు వస్తావుగా. ఈలోపు నువ్వు రోజూ వాడే ప్యాకేజీల్లో ఒక చిన్నదాన్ని ఎంచుకో, నాలుగైదు వందల లైన్లు మించనిది. దాని కోడూ, పాత ఇష్యూలూ మొదటి నుంచి చివరిదాకా ఇద్దరం కలిసి చదువుదాం. అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

ఇట్లు,
అత్త