స్థూలకాయము: నింద వలదు, చికిత్స వలయును

మన వర్తక కుటుంబములలో పొట్టకు రెండు విలువలు కట్టుచున్నాము. గల్లాపెట్టె యొద్ద కూర్చున్న షావుకారుగారికి బొజ్జ పెరిగినచో అది కలిమికి గుర్తు. అదే యింట పెండ్లికెదిగిన పిల్ల కొంచెము లావైనచో అది లోపము. ఆయనతో "ఒళ్లు చేసినారు, సుఖముగా నున్నారన్నమాట" అందురు. ఆ పిల్లతో, పదిమంది ముందర, "కాస్త నోరు కట్టుకోరాదటమ్మా" అందురు. ఆ మాటకు జడిసి పెండ్లిండ్లకు వచ్చుటయే మానుకొన్న ఆడపిల్లలు కలరు. ఒకే సరుకును రెండు రకముల తూనికరాళ్లతో తూచు వర్తకుని మనము నమ్ముదుమా?

ఇప్పుడు బరువు తగ్గించు కొత్త మందులు మన దేశపు అంగళ్లకు వచ్చినవి. కొందరు "మందుతో తగ్గుట సోమరుల మార్గము" అనుచున్నారు. మరికొందరు వైద్యుని అడుగకయే, పెండ్లికి ముందు రెండు నెలలు వాడి చూతమనుచున్నారు. ఈ రెండు పొరపాట్లకు మూలమొకటే: లావును రోగముగా గాక నడవడిలోని దోషముగా చూచుట. కావున ముందుగా ఆ రోగమేమో తెలిసికొందము.

లావును కొలుచుట

బరువును కిలోలలో వేసి, దానిని మీటర్లలోని ఎత్తుచే రెండుమార్లు భాగింపవలెను. 160 సెంటీమీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు గలవారికి 25 వచ్చును. భారతీయులకు 23 దాటినచో అధిక బరువనియు, 25 మొదలు స్థూలకాయమనియు మన వైద్యులు లెక్కింతురు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. కడుపులో చేరిన కొవ్వే మధుమేహమునకు, గుండెజబ్బునకు దారి తీయును గనుక ఈ కొలత ముఖ్యము. షావుకారుగారి బొజ్జ కలిమికి కాదు, ఈ జబ్బులకు గుర్తు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 25 దాటిన వారినే అధిక బరువు గలవారిగా లెక్కించును. ఆ లెక్కన 2005-06లో దేశమున నూటికి 13 మంది స్త్రీలు అట్టివారు కాగా, 2019-21 నాటికి 24 మందియైరి.

ఆకలి ఎవరి చేతిలో నున్నది?

1986లో ఆల్బర్ట్ స్టంకార్డ్ అను అమెరికా వైద్యుడు, తన సహచరులతో కలిసి డెన్మార్కులో దత్తత పోయిన 540 మందిని పరిశీలించెను. వారి ఒళ్లు పెంచిన తల్లిదండ్రులను గాక కన్న తల్లిదండ్రులను పోలియుండెను. ఒకే వంట తిన్నంత మాత్రమున ఒకే ఒళ్లు రాదని దీనివలన తేలినది. 1994లో న్యూయార్కునందలి రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము లెప్టిన్ అను హార్మోనును కనుగొనెను. కొవ్వు కణములు దీనిని పుట్టించి, నిల్వ ఎంత యున్నదో మెదడునకు తెలుపును. గుమాస్తా యజమానికి సరుకు నిల్వ లెక్క చూపినట్లే. నిల్వ తగ్గినచో మెదడు ఆకలిని పెంచి ఖర్చును తగ్గించును. పస్తులుండి పది కిలోలు తగ్గినవారికి అవి మరల వచ్చుటకు ముఖ్య కారణమిదియే.

ఇట్లనుటచేత అలవాట్లకు పనిలేదని కాదు. రోజంతయు దుకాణమున కదలక కూర్చుండుట, మిఠాయిలు, నూనె వంటకములు బరువును పెంచును. కాని ఒకే దుకాణమున కూర్చున్న అన్నదమ్ములలో ఒకరికి పెరిగి, వేరొకరికి పెరుగకుండుట మనమెరిగినదే.

మందుల సంగతి

వెనుకటి మందులపై భయము నిష్కారణము కాదు. 1930 దశకమున అమెరికాలో వాడిన డైనైట్రోఫినాల్ వలన కొందరికి కంటిచూపు చెడెను, కొందరు మరణించిరి. ఫెన్‌ఫ్లురమిన్ అను మందు గుండె కవాటములను చెరచుటచే 1997లో అంగళ్లనుండి తొలగింపబడెను.

క్రొత్త మందుల తీరు వేరు. భోజనము చేసినంతనే మన ప్రేగులు జీఎల్‌పీ-1 అను హార్మోనును విడుచును. అది "చాలు" అని మెదడునకు చెప్పును, ఇన్సులిన్‌ను పెంచును. కాని కొద్ది నిమిషములలో నశించును. సెమాగ్లూటైడ్ దానినే పోలియుండి వారము దినములు నిలుచును, వారమునకొక సూదిమందు. దీనిని స్థూలకాయమునకై అమెరికా 2021లో అనుమతించెను. ఆ యేట వెలువడిన పరిశోధనలో 68 వారములలో సగటున నూటికి 15 పాళ్లు బరువు తగ్గెను. మందులేని సూది పొందినవారికి రెండున్నర పాళ్లకు లోపే. టిర్జెపటైడ్ పెద్ద మోతాదుతో 72 వారములలో తగ్గుదల నూటికి 21 పాళ్ల వరకు వచ్చెను. మన దేశమునకు టిర్జెపటైడ్ 2025 మార్చిలో మౌంజారో పేరను, సెమాగ్లూటైడ్ అదే సంవత్సరము జూనులో వెగోవి పేరను వచ్చినవి.

"ఇందులో జంతుపదార్థము కలదా?" అని మన యిండ్లలో మొదట అడుగుదురు. ఈ జాతి మందులలో మొదటిదైన ఎక్సెనటైడ్‌కు ఆధారము గీలా మాన్‌స్టర్ అను బల్లి విషములో దొరికిన పదార్థమే. కాని ఆ మందును కర్మాగారమున రసాయన పద్ధతిని చేయుదురు. సెమాగ్లూటైడ్‌లోని ముఖ్యభాగమును ఈస్టుతో తయారుచేయుదురు. టిర్జెపటైడ్ రసాయన సంయోగమున పుట్టినది.

తప్పక ఎరుగవలసినవి

ఒకటి: మందు మానినచో బరువు మరలును. ఒక పరిశోధనలో మానిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు పాళ్లు తిరిగి వచ్చెను. రక్తపోటు మందువలె ఇదియు దీర్ఘకాలపు మాట. పెండ్లికి ముందు రెండు నెలల ముచ్చట కాదు.

రెండు: వికారము, వాంతులు, మలబద్ధము సామాన్యము. పిత్తాశయమున రాళ్లు, క్లోమమునకు వాపు అరుదుగా కలుగును. గర్భిణులు వాడరాదు, బిడ్డను కోరువారు సెమాగ్లూటైడ్‌ను రెండు నెలల ముందే మానవలెను.

మూడు: కొవ్వుతోపాటు కండయు తగ్గును. కావున పెసలు, శనగలు, పాలు, పెరుగు తగినంత తినుచు, కండలకు పని చెప్పు వ్యాయామము చేయవలెను.

నాలుగు: ఉపవాసము, ఆయంబిల్, అఠాయి చేయదలచినవారు ముందే వైద్యునితో చెప్పవలెను. ఈ మందుతోపాటు ఇన్సులిన్ గాని కొన్ని మధుమేహపు మాత్రలు గాని వాడువారికి పస్తులో రక్తమున చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. వాంతులున్నవారు నీరు మానినచో మూత్రపిండములకు హాని.

చివరి మాట

ఆకలికన్న కొంచెము తక్కువ తినుటను మన పెద్దలు ఊనోదరి యను తపస్సుగా ఎంచిరి. తపస్సు తనకు తాను విధించుకొనునది. ఎదుటివారి విస్తరిని కొలుచుటకు కాదు. సన్నని వారందరు సంయములు కారు, లావైనవారందరు తిండిపోతులు కారు. మధుమేహమునకు సూది వేసికొనువానిని మనము సోమరి యనము గదా!

కావున ఈసారి పెండ్లింట ఆ పిల్ల కనబడినప్పుడు, ఆమె చదువును గూర్చి అడుగుడు. షావుకారుగారు కనబడినప్పుడు, నడుము కొలిపించి రక్తపరీక్ష చేయించుకొనుమని మెల్లగా, ఒంటరిగా చెప్పుడు. ఇరువురినీ ఒకే త్రాసున, ఒకే రాయితో తూచుదము.