వెనక సీట్లో కూర్చునేది ఎవరు?
ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: ఇంట్లో మేం ఆరుగురం. అమ్మానాన్న, నేనూ మా ఆవిడ, పదకొండేళ్ల పాప, ఏడేళ్ల బాబు. ఆన్‌రోడ్ 15 లక్షల్లో ఏడు సీట్ల ఎస్‌యూవీ తీసుకుందామని చూస్తున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు. షోరూం అబ్బాయి 'మూడో వరస పిల్లలకి బ్రహ్మాండంగా సరిపోద్ది సార్' అంటున్నాడు. నమ్మొచ్చా?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: పిల్లలు సరిపోతారు, అందులో అబద్ధం లేదు. కాకపోతే వాళ్లు అందులోకి ఎక్కేదెలా, ఆరుగురి సామాను పెట్టేదెక్కడ అని కూడా అడిగి చూడండి. మాట సన్‌రూఫ్ మీదికి వెళ్లిపోతుంది.

ముందు అమ్మగారి సంగతి. ఆవిడను షోరూంకి తీసుకెళ్లండి, రోజూ కట్టుకునే చీరలోనే. రెండో వరసలోకి ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కమనండి. మొదటిసారి 'బాగానే ఉందిరా' అంటారు. కొడుకు కొనుక్కుంటున్న బండికి ఏ తల్లయినా వంక పెడుతుందా? అందుకే మాట వినొద్దు, చెయ్యి చూడండి. పైనున్న హ్యాండిల్ పట్టుకుని ఒంటిని లాక్కుంటూ ఎక్కుతున్నారంటే ఆ బండి ఆవిడకు ఎత్తు. నిలబడి వెనక్కి ఒరిగితే సీటు తగిలి, కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకునే వీలుంటే అదీ సరైన ఎత్తు. బొలెరో, స్కార్పియో-ఎన్ లాంటివి లారీకి మల్లే విడిగా ఛాసిస్ మీద కట్టిన బండ్లు. గతుకుల దారికి గట్టివే, కానీ నేల నుంచి ఎత్తులో ఉంటాయి. బొలెరో వెనక సీట్లయితే ఎదురెదురుగా పక్కకు తిరిగి ఉంటాయి. పిల్లల్ని అలా అడ్డంగా కూర్చోబెట్టి హైవే ఎక్కడం నాకు నచ్చదు.

తర్వాత సామాను. మూడో వరస నిలబెట్టాక డిక్కీలో ఎంత మిగిలిందో కళ్లతో చూడాలి. స్కార్పియో-ఎన్‌లో దాదాపు ఏమీ మిగలదు. ఎర్టిగాలో 209 లీటర్లు, కారెన్స్‌లో 216. అంటే నాలుగైదు మెత్తటి సంచులు పడతాయి, పెద్ద సూట్‌కేసులు రెండు పెడితే తలుపు మూయడానికి కుస్తీ పట్టాలి. పెళ్లికి వెళ్లేటప్పుడు పట్టే సామానే షోరూంకి తీసుకెళ్లి సర్ది చూడండి. వాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

నన్నడిగితే మీ ఇంటికి కావలసింది ఎస్‌యూవీ కాదు. ఎర్టిగా, కారెన్స్ లాంటి పొడవాటి ఫ్యామిలీ బండి. ఎక్కడం సులువు, మూడో వరసకు దారి ఉంటుంది, మీ డబ్బులోనూ వస్తుంది. చూడ్డానికి ట్యాక్సీలా ఉంటుందని బావమరిది అంటాడు. ట్యాక్సీ వాళ్లు రోజంతా మనుషుల్ని ఎక్కించి దించేవాళ్లు, వాళ్ల ఎంపికను అంత తేలిగ్గా తీసెయ్యకండి.

ఏడేళ్ల బాబుకు బూస్టర్ సీటు కొనండి. బెల్టు మెడకు ఒరుసుకుంటే వాడు దాన్ని చంక కిందికి తోసేస్తాడు. అప్పుడది ఉన్నా లేనట్టే.

ప్రశ్న: రెండు బండ్లూ చూడ్డానికి ఒకే సైజు. ఒకదానికి జీఎస్టీ 18 శాతం, ఇంకోదానికి 40 శాతం అంటున్నారు. మోసమేమైనా ఉందా?
- ఓ పాఠకుడు, ఒంగోలు

జవాబు: మోసం లేదు, లెక్క అలాగే ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి, పొడవు నాలుగు మీటర్లు దాటకుండా, పెట్రోలు ఇంజిన్ 1200 సీసీ లోపు, డీజిలు అయితే 1500 సీసీ లోపు ఉంటే 18 శాతం. ఈ రెంటిలో ఏది దాటినా 40. బ్రెజ్జా పొడవు నాలుగు మీటర్ల లోపే, కానీ పెట్రోలు ఇంజిన్ 1462 సీసీ, అందుకని 40. నెక్సాన్ పెట్రోలు 1199 సీసీ, డీజిలు 1497, రెండూ 18లోకే వస్తాయి. ఎలక్ట్రిక్ బండికి 5 శాతమే. పన్ను తక్కువని బండి కొనొద్దు గానీ, రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే ఇది ఒక కారణం.

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం. ఇంటి నుంచి ఆఫీసుకు, పిల్లల బడికి కలిపి రోజుకు 25 కిలోమీటర్లు. నెలకోసారి 120 కిలోమీటర్ల దూరంలోని మా ఊరికి. డీజిలు ఎస్‌యూవీ అయితే మైలేజీ కలిసొస్తుందని నాన్నగారి మాట.
- ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: నాన్నగారి మాట ఆయన కాలానికి నిజం. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక లెక్క మారింది. ఇప్పటి డీజిలు బండ్ల పొగగొట్టంలో డీపీఎఫ్ అనే వడపోత ఉంటుంది. మసి అందులో పేరుకుంటుంది. దాన్ని కాల్చి శుభ్రం చేసుకోవాలంటే పొగ బాగా వేడెక్కాలి. అంటే ఆగకుండా, కాస్త వేగంగా, ఓ పావుగంట ఇరవై నిమిషాలు నడవాలి. బడి గేటు దగ్గర పది నిమిషాలు, సిగ్నల్ దగ్గర ఐదు నిమిషాలు ఆగే బండికి ఆ అవకాశం ఎక్కడిది? కొన్నాళ్లకు డాష్‌బోర్డులో హెచ్చరిక లైటు వెలుగుతుంది. అది చూసీ చూడనట్టు వదిలేస్తే సర్వీసింగ్ బిల్లు మైలేజీలో మిగిల్చినదంతా మింగేస్తుంది. నెలకు పదిహేను వందల కిలోమీటర్లు, అందులో సగమైనా హైవే మీద తిరిగేవాళ్లకు డీజిలు ఇప్పటికీ మంచిదే. మీరు ఆ లెక్కలోకి రారు.

సొంత ఇల్లయి, బండి నిలిపే చోట 15 ఆంపియర్ల ప్లగ్గు పెట్టించుకోగలిగితే ఎలక్ట్రిక్ చూడండి. మీ 25 కిలోమీటర్లకు సుమారు నాలుగు యూనిట్ల కరెంటు చాలు. తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు 2026 డిసెంబర్ 31 వరకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది. కంపెనీ చెప్పే రేంజిలో మూడొంతుల్లో రెండొంతులే వస్తుందనుకుని కొంటే తర్వాత బాధ ఉండదు. మీ ఊరికి ఒకవైపు 120 అన్నారు, అక్కడ రాత్రి ప్లగ్గు దొరికితే దిగులే లేదు. అపార్ట్‌మెంట్ అయితే మాత్రం ముందు అసోసియేషన్ వాళ్లతో రాతపూర్వకంగా ఒప్పందం, ఆ తర్వాతే బుకింగ్.

ఎలక్ట్రిక్ వద్దనుకుంటే గ్రాండ్ విటారా, హైరైడర్‌లలో వచ్చే స్ట్రాంగ్ హైబ్రిడ్ సిటీ ట్రాఫిక్‌కు బాగా నప్పుతుంది. బ్యాటరీ డిక్కీలో చోటు కొంత తినేస్తుంది, అది మాత్రం చూసుకోండి.

ప్రశ్న: మావారికి పనోరమిక్ సన్‌రూఫ్ కావాలి. నాకు సేఫ్టీ కావాలి. బడ్జెట్ ఒక్కటే. తీర్పు మీదే.
- ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తీర్పు మీకే. అయితే 'ఫైవ్ స్టార్' అన్న మాట ఒక్కటీ పట్టుకుని కూర్చోకండి. భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు 2023 అక్టోబర్ నుంచి జరుగుతున్నాయి. పెద్దల రక్షణకు 32 మార్కులు, పిల్లల రక్షణకు 49. ఐదు చుక్కలు రావాలంటే మొదటిదాంట్లో కనీసం 27, రెండోదాంట్లో కనీసం 41 రావాలి. పిల్లలున్న ఇల్లు కాబట్టి ఆ రెండో అంకె ఎంతో అడగండి. పరీక్షలో ముందు నుంచి గుద్దించే వేగం గంటకు 64 కిలోమీటర్లు. మన రింగ్ రోడ్డు మీద నడిచే వేగం మీకు తెలియనిది కాదు. అంటే చుక్కలు సగం పనే చేస్తాయి, మిగతా సగం వెనక సీటు బెల్టు చేయాలి. మన ఇళ్లలో వెనక బెల్టు బకిల్ సీటు కవర్ కింద పూడుకుపోయి ఉంటుంది. కొత్త బండికి ఆ కవర్ వేయించేటప్పుడు బకిళ్లు పైకి తీయించండి. సీటు పక్కల్లోంచి తెరుచుకునే ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండికి మామూలు కవర్ అసలు తొడగకూడదు. బెల్టు పెట్టుకోకపోయినా, పద్నాలుగేళ్లలోపు పిల్లలకు పెట్టకపోయినా చట్టంలో జరిమానా వెయ్యి రూపాయలు. అదొక్కటే నష్టమైతే బాగుండు.

సన్‌రూఫ్ ఉండటం తప్పు కాదు. ఆ డబ్బుకి కింది వేరియంట్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులు, స్టెబిలిటీ కంట్రోల్ వదిలేసుకోవాల్సి వస్తేనే తప్పు. ఇంకోటి, సన్‌రూఫ్‌లోంచి పిల్లల్ని నిలబెట్టి ఫొటోలు తీసే ముచ్చట మీవారికి ఉంటే ఇప్పుడే తేల్చుకోండి. సడన్ బ్రేకు వేస్తే ఆ పిల్లని ఆపేది ఏదీ ఉండదు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో 2022 మోడల్ ఎస్‌యూవీ దొరికింది. మార్కెట్ కన్నా రెండు లక్షలు తక్కువ. బండి అద్దంలా ఉంది. తీసుకోనా?
- ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: విజయవాడలో ఉండి నన్ను అడుగుతున్నారా! 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అప్పుడు మునిగిన కార్లన్నీ తుక్కుకి వెళ్లాయనుకుంటున్నారా? కొన్ని కడిగి, పాలిష్ పట్టి, ఊరు మారి, మళ్లీ అమ్మకానికి వచ్చి ఉండొచ్చు. ఈ బండి అలాంటిదని నేననను. తక్కువ ధరకు కారణం తెలిసేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి అంటాను.

పగటిపూట వెళ్లండి. ఏసీ వేయించి, అద్దాలు మూసి, రెండు నిమిషాలు లోపల కూర్చోండి. సెంటు వాసన గుప్పుమంటే అనుమానించండి, దాని వెనక ముక్క వాసన దాగి ఉండొచ్చు. ముందు సీటు బెల్టు చివరిదాకా, ఇక రానన్నంతవరకు లాగండి. అమ్మేవాళ్లు పైన కనిపించే మూరెడు శుభ్రం చేస్తారు గానీ లోపల చుట్టుకున్న భాగాన్ని మరిచిపోతారు. అక్కడ బురద గీత ఉంటే నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆ గీతే చెబుతుంది. సీటు వెనక్కి జరిపి కింది పట్టాల బోల్టులు చూడండి. నాలుగేళ్ల బండిలో అవి తుప్పు పట్టకూడదు. స్టెప్నీ తీసి ఆ గుంటలో ఇసుక ఉందేమో వేలు పెట్టి తడమండి. హెడ్‌లైట్ల లోపల ఆవిరి మరకలు, ఫ్యూజు బాక్సు మూలల్లో ఎండిన మట్టి, ఇవి ఉన్నాయంటే ఇంక బేరం అక్కర్లేదు. నీళ్లు తాగిన వైరింగ్ ఆర్నెల్లు బాగానే ఉండి ఏడో నెలలో ఏడిపిస్తుంది. చివరగా, ఆ బండి ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్ర, కంపెనీ సర్వీసింగ్ రికార్డు అడగండి. 2024 చివర్లో పెద్ద బిల్లు ఏదైనా కనిపిస్తే అది దేనికో తేల్చుకోండి.

అంతా బాగుండి కొన్నా సరే, ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ చేర్చుకోండి. ఎస్‌యూవీ ఎత్తుగా ఉంది కదా అని నీళ్లలోకి పోనిచ్చేవాళ్లు చాలామంది. కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ సాధారణంగా ఖాళీ బండిది, ఆరుగురు ఎక్కితే అది తగ్గుతుంది. సగం చక్రం మునిగిందంటే వెనక్కి తిరగండి. మధ్యలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ బటన్ నొక్కొద్దు. సిలిండర్లలోకి వెళ్లిన నీటిని పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఇంజిన్ పోయేది వరదలో కాదు, ఆ ఒక్క నొక్కుతో. క్లెయిము చేయాల్సిన రోజున ఇన్సూరెన్సు వాళ్లు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే. నెట్టించుకుని గట్టెక్కి, టో ట్రక్కును పిలవండి.

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మానాన్న ఆర్నెల్లకు వస్తున్నారు. మూడేళ్లు, ఆరేళ్ల పిల్లలు. మూడు వరసల ఎస్‌యూవీ కొందామంటే మా ఆవిడ సియెనా మినీవ్యాన్ కొందామంటోంది. మినీవ్యాన్ అంటే నాకు అదోలా ఉంది.
- ఓ పాఠకుడు

జవాబు: నామోషీగా ఉంది అని రాయండి, నేనేమీ అనుకోను.

టెక్సస్ చట్టం ప్రకారం ఎనిమిదేళ్లలోపు పిల్లలు, నాలుగడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు దాటకపోతే, చైల్డ్ సీటులోనే కూర్చోవాలి. మీ పిల్లలిద్దరికీ రెండు సీట్లు. అవి రెండో వరసలో బిగించాక మూడో వరసలోకి దారి ఏది? బెంచీ సీటైతే దారి మూసుకుపోయినట్టే. విడివిడి సీట్లున్న ఎస్‌యూవీలో మధ్య సందులోంచి మీ అమ్మగారు నడుము వంచి, కాళ్లు ఈడ్చుకుంటూ వెనక్కి వెళ్లాలి. సియెనాలో పక్క తలుపులు జారి తెరుచుకుంటాయి, అడుగు కిందకే ఉంటుంది. పార్కింగ్‌లో పక్క కారుకి తలుపు తగులుతుందన్న గొడవ లేదు.

డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టు రోజును తలుచుకోండి. మనిషికి రెండేసి సూట్‌కేసులు, పైన ఆవకాయ జాడీల అట్టపెట్టె. మూడో వరస నిలబెట్టి ఉంటే హైలాండర్ వెనక మిగిలేది 16 ఘనపుటడుగులు, టెల్యురైడ్‌లో 21, సియెనాలో 33.5. పైగా సియెనా 2021 నుంచి హైబ్రిడ్‌గానే వస్తోంది, పెట్రోలు ఖర్చులోనూ ఎస్‌యూవీ ఓడిపోతుంది. మీ ఆవిడ లెక్క సరైనదే.

మంచు కొండలకు తరచూ వెళ్తారా, బోటు లాగే పనుందా? అప్పుడు ఎస్‌యూవీ. లేకపోతే చిన్నవాడు కాలేజీకి వెళ్లాక కొనుక్కోండి.

ప్రశ్న: నల్లరేగడి పొలం. వానాకాలంలో గట్టు మీద ఎస్‌యూవీ ఇరుక్కుంటోంది. ఈసారి ఫోర్ బై ఫోర్ కొనమంటారా?
- ఓ రైతు, పల్నాడు జిల్లా

జవాబు: ఏడాదికి ఎన్నాళ్లు ఇరుక్కుంటోంది? పదిరోజులే అయితే వద్దు. ఫోర్ బై ఫోర్‌కు రెండు లక్షల దాకా ఎక్కువ పెట్టాలి, బరువు పెరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది. తడిసిన రేగడి టైరు గాళ్లలో నిండిపోతే నాలుగు చక్రాలూ కలిసే జారతాయి. ముందు ఇప్పుడున్న బండికే లోతు గాళ్లున్న ఆల్ టెరైన్ టైర్లు వేయించి ఈ వానాకాలం చూడండి. తారు రోడ్డు మీద కాస్త చప్పుడు చేస్తాయి, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. అంతవరకు డిక్కీలో ఒక గట్టి తాడు, ఫోనులో పక్క చేని ట్రాక్టర్ నంబరు.