ముప్పై నిండకుండానే నాన్న

మన క్లబ్బులో నాటిక అనుకున్నప్పుడల్లా ఒకటే పేచీ. హీరోకి ఆరుగురు చేతులెత్తుతారు. తండ్రి వేషం అనగానే అందరికీ ల్యాబ్ రికార్డు గుర్తొస్తుంది. అందుకే ఈసారి గుమ్మడి వెంకటేశ్వరరావు గారి గురించి రాస్తున్నా. మాది చేబ్రోలు, ఆయనది తెనాలి దగ్గర రావికంపాడు. మా వైపు మనిషి కాబట్టి కాస్త పక్షపాతం ఉంటే సర్దుకోండి.

ఆయన పుట్టింది 1927లో. నాటకాల పిచ్చితో మద్రాసు చేరి, 1950లో 'అదృష్టదీపుడు'తో సినిమాల్లోకొచ్చారు. 1955లో 'అర్ధాంగి'. అందులో అక్కినేనికి తండ్రి, జమీందారు. ఇప్పుడు లెక్క వేయండి: కొడుక్కి 30, తండ్రికి 27! భార్యగా వేసిన శాంతకుమారి కూడా ఆయన కంటే పెద్దావిడే. రెండేళ్ళకి 'మాయాబజార్'లో బలరాముడు. తమ్ముడు కృష్ణుడుగా వేసిన ఎన్టీఆర్ ఆయన కంటే నాలుగేళ్ళు పెద్ద.

జుట్టుకి తెల్లరంగు పూస్తే ముసలితనం వచ్చేస్తుందనుకుంటాం మనం. నడుం వంచి, చేతులు వణికించి, దగ్గుతాం. గుమ్మడి ఇవేవీ చేయరు, గమనించండి. బలరాముడు నిటారుగానే ఉంటాడు. పెద్దరికమంతా గొంతులోనూ, మాటకీ మాటకీ మధ్య ఆగడంలోనూ ఉంటుంది. ఎదుటివాడు పొగిడితే ఉబ్బిపోతాడు, ఇచ్చిన మాట తప్పుతాడు, కోపం భగ్గున లేచి అంతలోనే చల్లారుతుంది. మన ఇళ్ళలో పెదనాన్నలు ఇలాగే ఉంటారు కదా! నన్నడిగితే ఆ సినిమాలో ఎస్వీఆర్ ఘటోత్కచుడికి పడ్డన్ని చప్పట్లు ఈయనకీ పడాలి.

దీనికి మూల్యం లేకపోలేదు. ఒకసారి తండ్రైతే ఇక తండ్రే. హీరో వయసులో ఉండగానే ఆయనకి హీరోల వెనక కుర్చీ ఖాయమైపోయింది. తన జ్ఞాపకాల పుస్తకానికి 'తీపి గురుతులు చేదు జ్ఞాపకాలు' అని పేరు పెట్టుకున్నారు. 1977లో పద్మశ్రీ వచ్చింది, 2010లో పోయారు.

ఒక్క సినిమానే చూసే టైముంటే 'మహామంత్రి తిమ్మరుసు' (1962) చూడండి. ఇక్కడ టైటిల్ పాత్ర ఆయనదే, ఎన్టీఆర్ రాయలు. తన చేతుల మీద పెరిగిన రాజే అనుమానించి కళ్ళు తీయించే శిక్ష వేస్తాడు. ఆ ఘట్టాల్లో ఈయన గొంతు ఎక్కడ పెంచారో, ఎక్కడ అసలు పెంచలేదో వినండి. కుదిరితే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని.