ఫోస్టర్ కేర్ పిల్లల చదువు: అమెరికా చట్టాలు

కన్నవారి దగ్గర భద్రత లేని పిల్లలను ప్రభుత్వం తాత్కాలికంగా మరో కుటుంబానికి అప్పగించడమే ఫోస్టర్ కేర్. ఇల్లు మారితే బడీ మారుతుంది. పాత బడి నుంచి మార్కుల రికార్డు అందకపోతే, చదివిన పాఠాన్నే మళ్లీ చదవాల్సి వస్తుంది. వీలైనంతవరకు పాత బడిలోనే ఉంచాలని 2008లో ‘ఫోస్టరింగ్ కనెక్షన్స్’ చట్టం చెప్పింది.

అసలు చిక్కు సమాచారం దగ్గరే. 1974 నాటి ‘ఫెర్పా’ చట్టం ప్రకారం తల్లిదండ్రుల అనుమతి లేనిదే బడి రికార్డులు సాధారణంగా బయటకివ్వకూడదు. పిల్లలను ఎవరి నుంచి తీసుకొచ్చారో సంతకం కోసం మళ్లీ వాళ్లనే అడగాల్సి వచ్చేది, లేదంటే కోర్టుకెక్కాల్సి వచ్చేది! 2013 జనవరిలో వచ్చిన ‘అన్‌ఇంటరప్టెడ్ స్కాలర్స్’ చట్టం ఫెర్పాను సవరించి, శిశు సంక్షేమ శాఖకు నేరుగా రికార్డులు ఇవ్వొచ్చంది.

2015 నాటి ‘ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్’ చట్టం ప్రకారం రికార్డులు లేకున్నా కొత్త బడి వెంటనే చేర్చుకోవాలి. ఈ పిల్లల ఫలితాలను రాష్ట్రాలు విడిగా ప్రకటించాలి. కాలిఫోర్నియాలో విద్యా, సంక్షేమ శాఖల డేటాను వారం వారం సరిపోల్చి, ఏ బడిలో ఎవరున్నారో పాఠశాల జిల్లాలకు తెలియజేస్తారు.

మన దేశంలో ఫోస్టర్ కేర్‌కు ఆధారం బాల న్యాయ చట్టం–2015, సెక్షన్ 44.