కుప్ప అడుగున తడి

ఒకసారి దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక ధాన్యపు కుప్ప ప్రక్కగా వెళుతూ ఆగారు. తన చేతిని కుప్ప లోపలికి పోనిచ్చారు. వ్రేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వాన పడిందని వర్తకుడు జవాబిచ్చాడు. మరి తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

కల్తీ గురించి చెప్పేటప్పుడు మనం సాధారణంగా ఈ హదీసును ప్రస్తావిస్తాం. అయితే ఇందులో మరో విషయం కూడా ఉంది. ఆయన కుప్పను పైపైన చూసి వెళ్ళిపోలేదు. చేయి లోపలికి పెట్టారు. ఈ నెల పాఠంలో దాని గురించే ఆలోచిద్దాం.

ఇటీవల ఒక దర్స్ ముగిశాక, గాజుల వ్యాపారం చేసే ఒక పెద్దాయన మమ్మల్ని ప్రక్కకు పిలిచి అడిగారు: "హజ్రత్, నేను కార్ఖానా నడపను. తయారైన సరుకు కొంటాను, లెక్క ప్రకారం డబ్బు ఇస్తాను. లోపల ఎవరు పనిచేస్తున్నారో నాకు తెలియదు. రేపు అల్లాహ్ సన్నిధిలో దానికి కూడా నన్ను ప్రశ్నిస్తారా?"

నిజాయితీపరుడు కాబట్టి అడిగారు. చాలామంది అడగరు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం.

లక్క గాజులు లేకుండా హైదరాబాద్‌లో పెళ్ళి జరగదు, చాంద్ రాత్ గడవదు. 2024లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. బొగ్గుల సెగ మీద లక్కను మెత్తబరచి, రింగుగా చుట్టి, అది వేడిగా ఉండగానే సన్నని రాళ్ళను ఒక్కొక్కటిగా అద్దుతారు. తరతరాలుగా ఎన్నో కుటుంబాలు గౌరవంగా చేసుకుంటున్న పని ఇది. కాని 2015 జనవరిలో హైదరాబాద్ పోలీసులు పాతబస్తీలోని గాజుల కార్ఖానాలపై దాడులు చేసినప్పుడు, రెండు వందలకు పైగా పిల్లలు బయటపడ్డారు. వారిలో అత్యధికులు బీహారు నుండి తెచ్చినవారు. గాలీ వెలుతురూ లేని ఇరుకు గదుల్లో తెల్లవారింది మొదలు రాత్రి పొద్దుపోయేదాకా వారితో పని చేయించేవారు. అలా తయారైన గాజులు ఎవరి చేతులకు చేరాయి? మన చెల్లెళ్ళ చేతులకే, మన కూతుళ్ళ చేతులకే.

ఆ పిల్లలు అక్కడికి ఎలా వచ్చారో చూడండి. దళారి పేద ఊరికి వెళతాడు. పంట పోయిన ఇంట్లోనో, జబ్బు పడిన ఇంట్లోనో కొద్ది వేలు అడ్వాన్సుగా పెడతాడు. పిల్లవాడికి పని నేర్పిస్తామని, కడుపునిండా అన్నం పెడతామని, నెలనెలా డబ్బు పంపుతామని దేవుని మీద ప్రమాణం చేస్తాడు. ఆ తరువాత తిండి ఖర్చు, రైలు ఖర్చు, పాడైన సరుకు ఖర్చు అన్నీ ఆ బాకీలోనే కలుస్తాయి. బాకీ తీరదు, పిల్లవాడు కదలలేడు. కాలికి సంకెల ఉండదు గాని, ఉన్నట్టే.

ప్రళయదినాన ముగ్గురికి వ్యతిరేకంగా స్వయంగా తానే వాదిస్తానని అల్లాహ్ తెలియజేసినట్లు బుఖారీలో ఒక హదీసె ఖుద్సీ ఉంది. ఆయన పేరు మీద మాట ఇచ్చి తప్పినవాడు ఒకడు, స్వేచ్ఛాపరుణ్ణి అమ్మి ఆ సొమ్ము తిన్నవాడు మరొకడు, కూలివాని చేత పూర్తిగా పని చేయించుకొని కూలి ఎగ్గొట్టినవాడు ఇంకొకడు. పై ఉదంతంలో ముగ్గురూ ఒకే చోట కలిశారని గమనించారా? మన కాలంలో బానిసత్వం ఎక్కడుందని అడిగేవారికి ఈ ఒక్క హదీసు చాలు.

ఇక అడ్వాన్సు సంగతి. కూలివానికి ముందుగా కొంత ఇవ్వడం తప్పు కాదు, అవసరానికి ఆదుకోవడం పుణ్యకార్యం కూడా. కాని ఆ డబ్బును ఆధారం చేసుకొని తక్కువ కూలికి పని చేయించుకోవడం, వేరే చోటికి పోనివ్వకపోవడం మరో వ్యవహారం. అప్పు ఇచ్చి, దాని మీద షరతుగా లాభం గుంజుకోవడాన్ని మన ధర్మవేత్తలు వడ్డీ కోవలోనే చేర్చారు. నోటు మీద వడ్డీ తినడానికి భయపడే మనిషి, పిల్లవాని చెమట మీద తింటూ అది వ్యాపారమేనని అనుకోవడం వింతగా ఉంటుంది. రుణగ్రస్తుడు ఇబ్బందుల్లో ఉంటే గడువివ్వాలని, మాఫీ చేస్తే మరింత మేలని సూరె బఖరా 280వ ఆయతు బోధిస్తోంది.

యజమానికీ పనివానికీ మధ్య ఒప్పందం ఎలా ఉండాలో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) వృత్తాంతంలో ఉంది. మద్‌యన్‌లోని ఆ పెద్దమనిషి ఎనిమిదేళ్ళు పని అని ముందే చెప్పారు. పది పూర్తి చేస్తే అది మూసా ఇష్టమన్నారు. తాను కష్టపెట్టదలచుకోలేదని కూడా స్పష్టం చేశారు (అల్ ఖసస్: 27). మూసా అప్పుడు ప్రాణభయంతో పారిపోయి వచ్చిన పరదేశి, చేతిలో చిల్లిగవ్వ లేనివారు. అలాంటి మనిషితో ఎలాంటి షరతుకైనా ఒప్పించవచ్చు. అయినా గడువు, ప్రతిఫలం, ఇష్టాయిష్టాలు అన్నీ ముందుగానే మాట్లాడుకున్నారు.

గాజుల మాట అటుంచి ఇటుకల సంగతి చూద్దాం. తెలంగాణ బట్టీలకు ఏటా ఒడిశాలోని బలంగీర్, నువాపడా వైపు నుండి కుటుంబాలు వస్తాయి. చలికాలానికి ముందు అడ్వాన్సు తీసుకొని బయలుదేరితే, వానలు పడేదాకా ఉంటారు. వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క. లెక్క పెరగాలని పిల్లలు కూడా మట్టిలో దిగుతారు. 2013 డిసెంబరులో కలహండి జిల్లాకు చెందిన ఇద్దరు కూలీల కుడిచేతులను దళారులు నరికివేశారు. అడ్వాన్సు తీసుకున్న బృందంలో మిగిలినవారు పారిపోవడమే కారణం. ఆ విషయాన్ని సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు స్వీకరించింది. మన ఇళ్ళు ఇటుకలతోనే కడతాం. మస్జిదులు కూడా. మస్జిద్ కమిటీ వారు చందా సొమ్ము హలాలా కాదా అని విచారిస్తారు, చాలా మంచిది. ఇటుక లారీ ఏ బట్టీ నుండి వచ్చిందో కూడా విచారించవచ్చు కదా!

దేశ చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం అలాంటి అడ్వాన్సు తీర్చవలసిన బాధ్యతే రద్దయిపోతుంది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం కూడా బలవంతపు చాకిరీయేనని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టడాన్ని 2016 సవరణ పూర్తిగా నిషేధించింది. బడి వేళల తరువాత సొంత ఇంటివారికి సాయపడటం వంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి. వాటి చాటున కార్ఖానాదారు ప్రతి పిల్లవాణ్ణీ 'మా అన్న కొడుకే' అంటాడు. అక్కడే చేయి లోపలికి పెట్టాలి.

ఈ బాధ మనకు తెలియనిది కాదు. కరీంనగర్, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. యజమాని పాస్‌పోర్టు లాగేసుకుంటే, ఆరు నెలల జీతం ఆపితే, ఫోనులో ఏడ్చే గొంతు ఎలా ఉంటుందో ఆ ఇళ్ళలోని తల్లులను అడగండి.

మేము ఆ పెద్దాయనకు చెప్పింది ఇది. ప్రశ్నిస్తారా అంటే, తెలుసుకోగలిగి ఉండి తెలుసుకోకపోవడం గురించి ప్రశ్నిస్తారని భయపడాలి. సరుకు తెచ్చేవానితోనే మాట్లాడి సరిపెట్టుకోకండి. చెప్పకుండా ఒక రోజు కార్ఖానాకు వెళ్ళండి. పనివారితో విడిగా కూర్చోండి. ఊరేది, వయసెంత, కూలి ఎవరి చేతికి వస్తోంది, పండుగకు ఇంటికి వెళ్ళనిచ్చారా అని అడగండి. మీరిచ్చే ధరలో పెద్దవారికి న్యాయమైన కూలి గిట్టుతుందో లేదో మీరే లెక్క వేయండి. గిట్టదని తెలిసి కూడా ధర తగ్గించమంటే, పిల్లలను పెట్టుకోమని మీరే చెప్పినట్టు. (జోడీకి పది రూపాయల కోసం అరగంట బేరమాడే మన ఆడవారూ, వారిని మెచ్చుకునే మగవారూ ఇది వినాలి.) బాకీలో చిక్కినవారు కనబడితే, జకాత్ పంపకంలో మెడలు విడిపించడానికీ, రుణగ్రస్తులకూ అల్లాహ్ విడిగా వాటా పెట్టాడు (అత్ తౌబా: 60). కాని ఆ సొమ్ము దళారి జేబులోకి పోకూడదు, కుటుంబం నిలదొక్కుకోవడానికి పోవాలి.

రెండు వారాల తరువాత ఆయన మళ్ళీ వచ్చారు. కార్ఖానాకు వెళ్ళారట. ముందు గదిలో పెద్దవారే ఉన్నారట. వెనుక గదికి తాళం ఉంది. ఎందుకని అడిగితే సామాను పెట్టామన్నారట. లోపల దగ్గు వినబడిందట. బయటికి వచ్చి, మెట్ల మీదే నిలబడి 1098కు ఫోను చేశారు. ఇప్పుడు ఆయన సందేహం వేరు. ఇదివరకు కొన్న సరుకు తాలూకు డబ్బు ఇంకా ఇవ్వవలసి ఉంది, అది ఎవరికి ఇవ్వాలి? కార్ఖానాదారుకు బాకీ ఉన్నమాట నిజమే గాని, అందులో ఆ పిల్లల కూలి ఉంది. డబ్బు చేతికిచ్చి వదిలేయకుండా, లెక్క రాసి అధికారుల ముందు పెట్టండి, ముందుగా పిల్లల కూలి తేలేలా చూడండి అని చెప్పాం. ఆయన చిట్టీల కట్ట తీసి, అక్కడే కూర్చుని జోళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.