చేనంతయు కోయక దిగుబడి తెలియుట ఎట్లు?

అన్నము ఉడికినదా యని తెలియుటకు ఒక్క మెతుకు చాలునని పెద్దలందురు. ఈ మాట కుండకు చెల్లును గాని చేనికి చెల్లదని మేము తలంచుచున్నాము. అత్తిముగములో ఏటవాలున నున్న ఒక రాగి చేనును ఊహింపుడు. పల్లమున తేమ నిలిచి వెన్నులు బరువుగా నుండును. మెరకన పైరు గిడసబారును. ఏ చోటు చూచి చేనంతటికిని లెక్క కట్టుదుము?

మన దేశమున దీనికి పంటకోత ప్రయోగములు జరుగుచున్నవి. మొదట గ్రామములను, పిదప చేలను, చేనిలో చోటును యాదృచ్ఛిక సంఖ్యలను బట్టియే ఎన్నుకొందురు. దీనిని యాదృచ్ఛిక ప్రతిచయనమందురు. పెక్కు పంటలకు 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మడిని కొలిచి, కోసి, నూర్చి, తూచెదరు. ఇది హెక్టారులో 400వ వంతు. మడిలో 5 కిలోల రాగులు వచ్చినచో హెక్టారునకు 2000 కిలోలు. తూనికలో అర కిలో తప్పినను లెక్క 200 కిలోలు తప్పును. కావున తాడు సడలరాదు, హద్దు వెలుపలి వెన్ను లోపలికి రారాదు.

“చూడ మధ్యరకముగా నున్న చోటును మనమే ఎన్నుకొనరాదా?” యని కొందరడుగుదురు. కూడదు. కన్ను తెలియకయే నిండు వెన్నుల వైపు పోవును. 1931లో భారత సాంఖ్యక సంస్థను స్థాపించిన మహలనోబిస్ బెంగాలు జనుప పంటను ప్రతిచయనముతోనే అంచనా వేయించెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన సి.ఆర్. రావుగారు ఆ సంస్థలోనే జగత్ప్రసిద్ధులైరి.

ఇది పుస్తకముల లెక్క మాత్రమే కాదు. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకములో అనేక పంటల నష్టమును ఈ కోతల సగటును బట్టి ప్రాంతమంతటికిని నిర్ణయించు పద్ధతి కలదు. ఎండకు జడిసి బాట ప్రక్కనున్న మంచి చేనిలో కోసినచో, ఎండిన చేల రైతులకు రావలసిన పరిహారము పోవును.

ఇక రెండు విత్తనములలో ఏది మేలో తెలియవలెననుకొందము. ఒకటి పల్లమున, ఒకటి మెరకన చల్లినచో గెలిచినది విత్తనమో నేలయో తెలియదు. ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్ క్షేత్రమున పనిచేసిన ఫిషర్ దీనికి మార్గము చూపెను. ప్రయోగ రచనపై ఆయన గ్రంథము 1935లో వెలువడినది. చేనిని వాలునకు అడ్డముగా నాలుగు పట్టెలు చేసి, ఒక్కొక్క పట్టెను రెండు మడులుగా విభజించి, ఏ మడిలో ఏ విత్తనమో నాణెమెగురవేసి నిర్ణయింపవలెను. ఒకే పట్టెలోని మడులకు తేమ ఇంచుమించు సమానము గనుక పోలిక న్యాయమగును. అయినను నాలుగు పట్టెలు తక్కువే. విత్తనములు సమానమైనను, ఏదో యొకటి నాలుగింటను గెలుచుటకు 8లో 1 వంతు అవకాశము కలదు. ఎనిమిది పట్టెలు చేసినచో అన్నింటను ఒకటే గెలుచు అవకాశము 128లో 1 వంతునకు తగ్గును.